నాన్నకి ప్రోస్టేట్ పెరిగిందట, తిండి, నీళ్ళ విషయంలో ఏం మార్చాలి?

తణుకు_టు_హైదరాబాద్:
నాన్నకి 67. రాత్రి మూత్రానికి మూడు నాలుగు సార్లు లేస్తున్నారు, ధార సన్నగా వస్తోందట. స్కానింగ్‌లో ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగిందన్నారు, పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష) మాత్రం నార్మలే, మూత్రం సులువుగా రావడానికి టామ్సులోసిన్ అనే మాత్ర రాశారు. తిండి గురించి అడిగితే "అన్నీ తినొచ్చు" అని పంపేశారు. ఇంటికొచ్చాక మొదలైంది అసలు టెన్షన్. బాబాయి గుమ్మడి గింజలంటాడు, మేనత్త పల్లేరు కాయల కషాయమంటుంది, అమెరికాలో ఉన్న బావ సా పామెట్టో (ఒక రకం తాటిజాతి మొక్క పళ్ళ నుంచి తీసిన మందు) సీసాలు పంపిస్తానంటున్నాడు. ఇవన్నీ విని నాన్న తన వైద్యం తను మొదలుపెట్టారు, పగలు కూడా నీళ్ళు తాగడం మానేశారు! ఎవరింట్లోనైనా తిండి మార్చితే నిజంగా తేడా కనిపించిందా?

కాకినాడ_కాజా:
ముందు ఆయన చేత నీళ్ళు తాగించండి బ్రో. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, పైగా మలబద్ధకం, అది ఉంటే మూత్రానికి ఇంకా ఇబ్బంది. మా మామగారికి మేం నీళ్ళు తగ్గించలేదు, వేళలు మార్చాం అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మామూలుగా తాగుతారు, పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం మాత్రకి సరిపడా గుక్క, అంతే.

అసలు చిక్కంతా మన రాత్రి భోజనంలో ఉంది, దాన్ని ఎవరూ నీళ్ళ లెక్కలో వేయరు. మా మామగారు చారు పోసుకుని అన్నం జారుగా కలుపుకునేవారు, ఆ తర్వాత మజ్జిగ, చివర్లో కంచం ఎత్తి అడుగున మిగిలింది కూడా జుర్రేసేవారు, టీవీ ముందు పుచ్చకాయ ముక్కలు, పడుకోబోతూ గ్లాసుడు పాలు. మరి లేవకేం చేస్తారు? ఇప్పుడు చారు, మజ్జిగ మధ్యాహ్నానికి జరిపాం, రాత్రికి పుల్కా, కూర, గట్టి పెరుగు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా రాత్రిపూట కట్. ఎక్కువైన ఉప్పుని బయటికి పంపడానికి ఒళ్ళు రాత్రంతా నీటిని తోస్తుంది, ఉప్పు తగ్గించిన వాళ్ళు రాత్రి లేవడం తగ్గినట్టు జపాన్ డాక్టర్లు గమనించారు కూడా. అలిగారనుకోండి, ఆవకాయ దగ్గర ఇప్పటికీ బేరమాడతారు.

మందుల_కొట్టు:
మీ బావకి ఆ డబ్బులు మిగుల్చుకోమని చెప్పండి. సా పామెట్టో మీద అమెరికాలోనే పెద్ద ట్రయల్స్ జరిగాయి, 2006లో ఒకదాని ఫలితం, 2011లో ఇంకొకదాని ఫలితం వచ్చాయి, రెండింట్లోనూ ఉత్తుత్తి మాత్ర కన్నా ఎక్కువేమీ చేయలేదు. విటమిన్ ఇ కథ ఇంకా దారుణం. ప్రోస్టేట్ క్యాన్సర్‌ని ఆపుతుందేమోనని 35 వేల మందికి పైగా మగవాళ్ళతో విటమిన్ ఇ, సెలీనియం పరీక్షిస్తే, ఒక్క విటమిన్ ఇ మాత్రమే వేసుకున్న వాళ్ళలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించింది.

గుమ్మడి గింజలు ఉప్పు లేకుండా గుప్పెడు తింటే తిననివ్వండి, నష్టం లేదు. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం పచ్చిగా తిన్నదాని కన్నా నూనెలో మగ్గితే ఒంటికి బాగా పడుతుంది, ఆ లెక్కన మన టమాటా పచ్చడి, పప్పు బంగారం. కానీ దాంతో గ్రంథి కరిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కషాయాల్లో ఏం కలిపారో తెలియదు కాబట్టి డాక్టర్‌కి చూపించకుండా వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళు జలుబు మాత్రలు అడిగి కొనుక్కుంటారు, వాటిలో ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి ఉంటాయి, వాటివల్ల ఒక్కోసారి మూత్రం పూర్తిగా ఆగిపోయి ట్యూబ్ వేయించుకోవాల్సి వస్తుంది. షాపులో ముందే చెప్పమనండి.

తణుకు_టు_హైదరాబాద్:
థాంక్యూ అన్నా. సాయంత్రం ఏడింటికి బడ్డీ కొట్టు దగ్గర టీ, ఆదివారం ఒక పెగ్గు ఉంటాయి. అవి?

మందుల_కొట్టు:
టీ, కాఫీ మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి, నాలుగు గంటల టీయే ఆఖరిది చేయండి. పెగ్గు ఇంకా చెడ్డది, టామ్సులోసిన్‌తో కలిస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రాత్రి లేచినప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని నిలబడమనండి. షుగర్ చూపించారా? అదీ రాత్రి లేపుతుంది. బీపీ మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉండి రాత్రి వేసుకుంటుంటే, పొద్దుటికి మార్చొచ్చేమో డాక్టర్‌ని అడగండి, మీరే మార్చేయకండి. మూత్రంలో రక్తం కనిపించినా, అసలు రాకుండా పొట్ట బిగుసుకున్నా చిట్కాలు చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.