ట్యాబ్ నిండిపోయింది: క్లౌడ్‌లో ఉన్న ఫోటోలను ట్యాబ్‌లోంచి తీసేయొచ్చా, తీసేయకూడదా?

బైరాగిపట్టెడ అక్క (తిరుపతి):
మా ఇంట్లో 32 జీబీ ట్యాబ్ ఉంది. పాప క్లాసుల కోసం కొన్నాం. వారం నుంచి స్టోరేజ్ నిండిందని ఒకటే మెసేజ్. క్లాసు యాప్ అప్‌డేట్ కూడా కావడం లేదు. సెట్టింగ్స్‌లో చూస్తే ఫోటోలు, వీడియోలే 14 జీబీ ఉన్నాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసే పెట్టాం, అంటే ఫోటోల కాపీ ఇంటర్నెట్‌లో గూగుల్ దగ్గర (క్లౌడ్‌లో) ఉండాలి. "పైన ఉన్నాయి కదా, ఇక్కడివి తీసెయ్" అంటున్నారు మా ఆయన. నాకు చెయ్యి రావడం లేదు. గంగజాతరకు మా బాబు తెల్లసుద్ద పూసుకుని బైరాగి వేషం వేసినప్పుడు మా నాన్న పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలు అందులో ఉన్నాయి. నాన్న ఇప్పుడు లేరు. తెలిసినవాళ్లు చెప్పండి, ఏం చేయమంటారు?

గ్రీమ్స్‌పేట టెక్నీషియన్ (చిత్తూరు):
ధైర్యంగా తీసేయొచ్చు అక్కా. ఏ బటన్‌తో తీస్తున్నారన్నదే అసలు సంగతి. గూగుల్ ఫోటోస్‌లో పైన మీ బొమ్మ నొక్కితే 'ఫ్రీ అప్ స్పేస్' అని వస్తుంది. అది బ్యాకప్ అయినవాటినే ఎంచి ట్యాబ్‌లోంచి తీసేస్తుంది, క్లౌడ్‌లోవి అలాగే ఉంటాయి. అదే యాప్‌లో ఫోటో తెరిచి చెత్తబుట్ట గుర్తు నొక్కారనుకోండి, ట్యాబ్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. ఈ రెండూ ఒకటే అనుకుని ఏడ్చుకుంటూ షాపుకు వచ్చేవాళ్లను వారానికి ఇద్దరినైనా చూస్తాను.

తిరుచానూరు మాస్టారు:
నేను తీసేయొద్దనే అంటాను. నాకు జరిగింది చెబుతాను. ట్యాబ్‌లో చోటు కావాలని ఫోటోల యాప్‌లోనే కూర్చుని మూడేళ్ల ఫోటోలు ఏరి డిలీట్ చేశాను. క్లౌడ్‌లో ఉంటాయిలే అనుకున్నాను. మూడు నెలల తర్వాత అమ్మాయి పెళ్లిచూపుల ఫోటో కోసం ఫోన్‌లో వెతికితే అక్కడా లేదు. ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులే ఉంటాయట, ఆ గడువు దాటిపోయింది. ఎవరినీ అనను, తెలియక చేసింది నేనే. కానీ మామూలు మనిషికి ఇంత సులువుగా తప్పు జరిగేచోట "ధైర్యంగా తీసెయ్" అనడం నాకు నచ్చలేదు.

గ్రీమ్స్‌పేట టెక్నీషియన్:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ దానికి మందు తీసేయకుండా ఉండటం కాదు కదా. ట్యాబ్ కింద పడి డిస్‌ప్లే పోతేనో, బోర్డు కాలిపోతేనో అందులోవీ పోతాయి. ఒక్క ట్యాబ్‌లోనే ఉంచుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

తిరుచానూరు మాస్టారు:
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే క్లౌడ్ ఒక్కటీ ఉంటే చాలని కూడా అనకండి. 2021 జూన్ 1 నుంచి గూగుల్‌లో ఉచితంగా లెక్కలేనన్ని ఫోటోలు పెట్టుకునే వీలు పోయింది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. అది నిండితే కొత్తవి పైకి ఎక్కవు. రెండేళ్లు వాడని ఖాతాను మూసేసే నియమం కూడా ఉంది. చనిపోయిన పెద్దవాళ్ల ఖాతాల్లో ఫోటోలు ఉన్నవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

పలమనేరు స్టూడియో:
మీరిద్దరూ వదిలేసిన మాట ఒకటి ఉంది. బ్యాకప్ 'స్టోరేజ్ సేవర్'లో ఉంటే ఫోటోను కుదించి పెడుతుంది. 16 మెగాపిక్సెల్ దాటినవి తగ్గిపోతాయి, వీడియోలు 1080పీకి దిగుతాయి. ట్యాబ్‌లో ఉన్నది ఒరిజినల్, పైన ఉన్నది కుదించినది. 'ఫ్రీ అప్' నొక్కితే పోయేది ఒరిజినలే. ఫోన్‌లో చూసుకోవడానికి తేడా కనబడదు కానీ, పెద్ద ప్రింట్ వేయించాలంటే నాకు ఒరిజినల్ కావాలి. అందుకే ముందు ల్యాప్‌టాప్‌కో హార్డ్‌డిస్క్‌కో కాపీ చేసి, ఆ తర్వాతే తీసేయండి. మెమరీ కార్డును మాత్రం నమ్మొద్దు, అది చెప్పకుండా పోతుంది. నిజంగా ప్రాణం పెట్టుకున్న నాలుగు ఫోటోలు ప్రింట్ తీయించి పెట్టుకోమ్మా. నా వ్యాపారం కోసం చెప్పడం లేదు, మీ ఊళ్లోనే తీయించుకో.

ఐప్యాడ్ వాడే ఇంకొకరు (చిత్తూరు):
ఐప్యాడ్ ఉన్నవాళ్లు పైన చెప్పినది అలాగే చేయకండి. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే ఫోటోస్ యాప్‌లో తీసేసినది మీ ఆపిల్ పరికరాలన్నిటిలోనూ పోతుంది. చోటు కావాలంటే సెట్టింగ్స్‌లో 'ఆప్టిమైజ్ ఐప్యాడ్ స్టోరేజ్' పెట్టుకోండి, పెద్ద ఫైలు పైన ఉండి చిన్నది ఐప్యాడ్‌లో ఉంటుంది. ఉచితంగా వచ్చేది 5 జీబీయే.

గ్రీమ్స్‌పేట టెక్నీషియన్:
స్టూడియో అన్న చెప్పింది నిజం, ముందు కాపీ తీస్తే ఏ గొడవా లేదు. అక్కా, ఏదైనా తీసేముందు ఒక పని చేయండి. మీ ఆయన ఫోన్‌లోనో ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనో అదే ఖాతాతో గూగుల్ ఫోటోస్ తెరిచి, జాతర ఫోటోలు కనిపిస్తున్నాయా చూడండి. ట్యాబ్‌లో చూస్తే ఏది ట్యాబ్‌ది, ఏది క్లౌడ్‌ది అని తెలియదు. ఖాతా ఎవరిదో కూడా చూడండి. ఇంట్లో రెండు ఖాతాలుంటే ఫోటోలు ఒకదాంట్లో, మనం వెతికేది ఇంకొకదాంట్లో. ఇంకో సంగతి: వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల ఫోల్డర్ మామూలుగా బ్యాకప్ కాదు, దాన్ని విడిగా ఆన్ చేయాలి.

బైరాగిపట్టెడ అక్క:
అందరికీ దండాలు. రాత్రంతా ఇదే పని. ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే గుండె జారిపోయింది. 15 జీబీ నిండి, దసరా నుంచే కొత్తవి ఎక్కడం ఆగిపోయింది. నాన్న ఫోటోలు ఒక్కటీ లేవు. అవి మా తమ్ముడు వాట్సాప్‌లో పంపినవి, ఆ ఫోల్డర్ ఆన్‌లో లేదు. మా ఆయన మాట విని అన్నీ ఏరి డిలీట్ చేసి ఉంటే ఏమయ్యేదో!

మొదట ట్యాబ్‌లో ఉన్నవన్నీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కాపీ చేశాం. తర్వాత 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే బ్యాకప్ అయినవి వెళ్లి 6 జీబీ వచ్చింది. వాట్సాప్‌లో 'మేనేజ్ స్టోరేజ్' తెరిచి గుడ్ మార్నింగ్ వీడియోలు తీస్తే ఇంకో 3 జీబీ. పాప యాప్ అప్‌డేట్ అయింది. పాత మెయిళ్లలో పెద్ద ఫైళ్లు తీసి, ట్రాష్ ఖాళీ చేశాక క్లౌడ్‌లోనూ చోటు వచ్చింది. నాన్న ఫోటోలు 40 ఉంటే ఒక్కొక్కటి తెరిచి నేనే బ్యాకప్ నొక్కాను.

తిరుచానూరు మాస్టారు:
మరి ఆ 40 ట్యాబ్‌లోంచి కూడా తీసేశావా అమ్మా?

బైరాగిపట్టెడ అక్క:
లేదు మాస్టారూ. అన్నీ కలిపి 150 ఎంబీ కూడా లేవు, ట్యాబ్‌లోనే ఉంచాను. ఇకమీద మళ్లీ 'ఫ్రీ అప్' నొక్కితే అవీ పోతాయని టెక్నీషియన్ అన్న ఫోన్‌లో చెప్పాడు, గుర్తు పెట్టుకుంటాను. జాతర రోజు నాన్న బాబు భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఫోటో ఒకటి ప్రింట్‌కు ఇచ్చాను, తిలక్ రోడ్డులో. రేపు సాయంత్రం ఇస్తామన్నారు.