తమ్ముణ్ణి సంఘం చేర్చుకుంది, నేను ఎందుకు చేర్చుకోలేకపోతున్నాను?

ప్రశ్న (పెద్ద కూతురు):
అందరికీ వందనాలు. నాన్నగారు మంచాన పడినప్పటి నుంచి ప్రభువునందు నిద్రించేవరకు ఆయన మందులూ ఆసుపత్రి ఖర్చులూ నేనూ మావారూ భరించాము. తన వాటా ముందే తీసుకుని వెళ్లిపోయిన తమ్ముడు తాగుడులో అదంతా పోగొట్టుకుని, నాన్నగారి సమాధి కార్యక్రమానికి కూడా రాలేదు. ఇప్పుడు మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని, ఆరాధనలో సాక్ష్యం చెబితే సంఘమంతా స్తోత్రాలు చెల్లించింది, అమ్మ సంతోషంతో ఏడ్చింది. ఇన్నేళ్లుగా సండే స్కూలు పిల్లలకు క్షమాపణ గురించి బోధిస్తున్న నేను మాత్రం అతనితో కలిసి ప్రభువు బల్లలో (సంఘం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాలుపొందలేకపోతున్నాను. అతణ్ణి క్షమించడమంటే, జరిగిందేమీ లేదని ఒప్పుకోవడమేనా?

సమాధానం (వాక్య విద్యార్థి):
సహోదరీ, వందనాలు. లూకా 15వ అధ్యాయంలోని పెద్ద కుమారుడు మీకు గుర్తొచ్చే ఉంటాడు: తన వాటా పాడుచేసుకున్న తమ్ముడు తిరిగి వస్తే తండ్రి విందు చేశాడు, ఇంట్లోనే ఉండి పనిచేసిన అన్న కోపగించి లోపలికి వెళ్లలేదు. తండ్రి తన ఆస్తిని కుమారులిద్దరికీ పంచిపెట్టాడని 12వ వచనంలోనే ఉంది. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠునికి రెండంతల భాగం కాబట్టి, మూడింట రెండు వంతులు అతనివే. తమ్ముడు తిరిగి వచ్చినందువల్ల ఆ పంపకం మారలేదు, "నావన్నియు నీవి" అని తండ్రే చెప్పాడు. అయినా అతడు లోపలికి వెళ్లలేకపోయాడంటే, బాధించినది నష్టం కాదు, తాను ఇన్నేళ్లు చేసిన సేవకు దక్కని విందు ఏమీ చేయనివాడికి దక్కడం.

లూకా 18లో దేవాలయంలో ప్రార్థించిన పరిసయ్యుణ్ణి (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే శాఖవాణ్ణి) కూడా చూడండి. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నానని, సంపాదనలో పదియవ వంతు ఇచ్చానని అతడు చెప్పినది అబద్ధమని యేసు ఎక్కడా అనలేదు. అయితే తన నీతిని కొలుచుకోవడానికి అతనికి పక్కన ఒక సుంకరి (అందరూ పాపిగా చూసే పన్ను వసూలుదారు) నిలబడి ఉండవలసి వచ్చింది. స్వనీతి తరచుగా నిజమైన మంచిపనుల మీదే మొలుస్తుంది, అందుకే దాన్ని గుర్తుపట్టడం ఇంత కష్టం.

సమాధానం (ఒక పాస్టరమ్మ):
పై మాటల్లో సత్యం ఉంది గాని, ఈ సహోదరి గాయాన్నంతటినీ స్వనీతి అనేస్తే అన్యాయమవుతుంది. మత్తయి 18లో ఒక దాసుడు మరొక దాసునికి బాకీపడినది నూరు దేనారములు. దేనారము ఒక రోజు కూలి కాబట్టి, అది నూరు రోజుల కష్టం. ఏ కూలివానికీ అది చిన్న మొత్తం కాదు, ప్రభువు కూడా దాన్ని చిన్నదనలేదు. దాని పక్కన ప్రభువు పెట్టినది, బాకీ రావలసిన ఆ దాసునికి రాజు అంతకుముందే కొట్టివేసిన అప్పు: పదివేల తలాంతులు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు, అంటే ఆరు కోట్ల రోజుల కూలి! మనకు రావలసిన బాకీ నిజమైనదే అయినా, మనకు కొట్టివేయబడినదాని ఎదుట నిలబడి దాన్ని విడిచిపెట్టమంటున్నాడు ప్రభువు. అందుకే, అమ్మా, జరిగింది జరగలేదని మీరు చెప్పనవసరం లేదు. అసలు బాకీ లేనిచోట క్షమించడానికేముంది?

సమాధానం (ఒడిశా సరిహద్దు నుంచి):
1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠురోగులకు సేవ చేస్తున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు చిన్న కుమారులనూ వాహనంలోనే సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించి, కుమార్తెతో బారిపదలోనే ఉండి, 2004 వరకు కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. ఆ క్షమాపణ వల్ల కేసు ఆగలేదు. ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఇంట్లోవాళ్లు చేసిన గాయాన్ని ఆ దారుణంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. న్యాయం తన పని తాను చేస్తూ ఉండగానే పగను విడిచిపెట్టవచ్చని ఆమె జీవితం చూపించింది. ఆసుపత్రి ఖర్చుల్లో తమ్ముని భాగం అడగడం, అమ్మ బాధ్యత ఇకపై ఇద్దరూ పంచుకుందామనడం క్షమాపణకు విరుద్ధం కావు.

ప్రశ్న అడిగినవారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. అతడే ముందు వచ్చి నన్ను క్షమాపణ అడగాలని ఎదురుచూస్తున్నాను. అలా ఆశించడం తప్పా?

సమాధానం (ఒక పాస్టరమ్మ):
ఆశించడం తప్పు కాదు గాని, దానికోసం ఆగిపోకండి. మత్తయి 5:23, 24లో తప్పు చేసినవాడు ముందుగా వెళ్లాలని ఉంది. 18:15లో తప్పు ఎవరిపట్ల జరిగిందో వారు వెళ్లాలని ఉంది. రెండువైపులా ఆజ్ఞ ఉంది కాబట్టి ఎవరూ ఎవరికోసమూ కూర్చోనక్కరలేదు. సంఘంలో కాదు, అమ్మ ఎదుట కూడా కాదు, మొదట మీరిద్దరే మాట్లాడుకోండి. నాన్నగారి చివరి రోజులు ఎలా గడిచాయో అతనికి వివరంగా చెప్పండి; ఆ సంగతులు అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.