సాంగ్ సైకిల్‌ని తెలుగులో ఏమందాం? చక్రమా, మాలికా, సరమా?

అందరికీ నమస్కారం. ఒక్క మాట కోసం నాలుగు రోజులుగా కొట్టుకుంటున్నాను. మీలో ఎవరైనా ఒడ్డున పడేస్తారని రాస్తున్నాను, కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా మేనకోడలు అమెరికాలో కాలేజీలో చదువుతోంది. అక్కడ వాళ్ళ కాలేజీలో జేసన్ రాబర్ట్ బ్రౌన్ అనే అమెరికన్ స్వరకర్త పాటల ప్రదర్శన 'సాంగ్స్ ఫర్ ఎ న్యూ వరల్డ్' వేస్తున్నారు, దీనికి రెండు పాటలొచ్చాయి. 1995లో న్యూయార్క్‌లో డబ్ల్యూపీఏ థియేటర్లో మొదటిసారి వేసినప్పుడు చూసినవాళ్ళు తక్కువే, ఆ తర్వాత నలుగురు గాయకులతో వచ్చిన రికార్డు వల్లే అది ఊరూరా కాలేజీ పిల్లల నోళ్ళలోకి వెళ్ళింది. 2018లో న్యూయార్క్ సిటీ సెంటర్లో మళ్ళీ వేస్తే అదీ రికార్డుగా వచ్చింది. పిల్ల మెసేజ్ పెట్టింది: "మామయ్యా, అమ్మమ్మకి లింకు పంపాను. సాంగ్ సైకిల్ అంటే ఏంటో నువ్వు తెలుగులో చెప్పవా?"

చెప్పబోయి ఆగిపోయాను. మాట లేదు. "వేరు వేరు పాటలే అమ్మా, కానీ అన్నీ కలిపి ఒకటే" అన్నాను. అమ్మ ఫోన్ని స్టీలు గిన్నెలో నిలబెట్టుకుంది, అలా పెడితే సౌండ్ బాగా వస్తుందని ఆవిడ నమ్మకం, నిజంగానే వస్తుంది కూడా. ఒక్కో పాట అవ్వగానే ఆపి నేను అర్థం చెప్తున్నాను. 1492లో స్పెయిన్ ఓడ మీద దిక్కు తోచని జనం దేవుణ్ణి వేడుకుంటున్నారు. అది అయిన వెంటనే న్యూయార్క్‌లో డబ్బున్న ఇల్లాలు ఒకావిడ మేడ అంచున నిలబడి, పట్టించుకోని మొగుణ్ణి దూకేస్తానని బెదిరిస్తోంది. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. "ఆగరా. ఈవిడకీ ఆ ఓడ వాళ్ళకీ ఏం వరస?"

ఏ వరసా లేదు. అదే చిక్కు. పాత్రలకి పేర్లుండవు, మొదటి పురుషుడు, రెండో స్త్రీ అనే ఉంటుంది. నాలుగే గొంతులు అందరి పాటలూ పాడతాయి కాబట్టి, రికార్డులో మాత్రమే వినేవాళ్ళకి గొంతు ఒకటైతే మనిషీ ఒకటే అనిపిస్తుంది. నేనూ మొదటిసారి విన్నప్పుడు కథ వెతికి వెతికి విసిగిపోయాను. మూడోసారికి కథ మానేసి మనుషుల్ని విన్నాను, అప్పుడు పట్టుకుంది. ప్రతి పాటలోనూ ఎవరో ఒకరు అడుగు ముందుకు వెయ్యాలా వెనక్కి తియ్యాలా అనే ఆ ఒక్క ఘడియలో ఇరుక్కుని ఉంటారు.

ఒక పాటలో చేతిలో కాసు లేనివాడు, చుక్కలూ చందమామా ఇస్తానంటాడు. ఆమె వద్దని, నాజూకు పడవా షాంపేనూ ఇచ్చే ధనవంతుణ్ణి చేసుకుంటుంది. అన్నీ దొరికాక ఒకరోజు తెలిసొస్తుంది, చందమామ మాత్రం ఇక ఎప్పటికీ దొరకదని. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "పాపం, దాని తప్పేముంది, ఆ వయసులో చందమామతో కడుపు నిండుతుందా అనే అనుకుంటాం" అని, మళ్ళీ పెట్టమంది. ఈసారి అర్థం చెప్పొద్దంది.

ఇక మాట సంగతి. 'గేయచక్రం' అంటే సరిపోతుందని మొదట అనుకున్నాను. కానీ మన సంగీతంలో చక్రం ఖాళీగా లేదు. 72 మేళకర్తల్ని, అంటే మూల రాగాల్ని, ఆరేసి చొప్పున ఇందు, నేత్ర, అగ్ని అంటూ 12 చక్రాలుగా పెట్టుకున్నాం. సంగీతం వచ్చినవాడికి గేయచక్రం అంటే ధ్యాస అటు పోతుంది. పైగా చక్రమంటే మొదలైన చోటికి తిరిగి రావాలి. 1816లో బీతోవెన్ ఆరు పాటలు కలిపి అచ్చువేసినప్పుడు జర్మన్‌లో 'లీడర్‌క్రైస్' అన్నారు, క్రైస్ అంటే వలయమే. అక్కడ మొదటి పాట వరస చివర్లో తిరిగొస్తుంది కాబట్టి మాట అతికింది. అదే షూబెర్ట్ 'వింటర్‌రైసె' 24 పాటలు మంచులో ముందుకే నడుస్తాయి, ఇంటికి రావు. వలయం ఎక్కడుంది?

'మాలిక' అందమైన మాట, కానీ రాగమాలిక అంటే పాట ఒకటే, రాగాలు మారతాయి. ఉత్పలమాలిక అంటే నాలుగు పాదాల పద్యాన్ని పొడుగు చెయ్యడం. రెండు చోట్లా ఒకటే వస్తువు సాగుతోంది, మనకి కావలసింది విడివిడివి కలవడం. 'కదంబం' అంటే రేడియో కదంబ కార్యక్రమం గుర్తొస్తుంది, ఏదైనా కలపొచ్చు.

నాకు దగ్గరగా కనిపించింది శతకం. ప్రతి పద్యం ముక్తకం, దానికదే పూర్తి, మకుటమే దారం. ఎంకి పాటల్లో కథ లేకపోయినా ఎంకీ నాయుడుబావా ఉన్నారు కాబట్టి పట్టు దొరుకుతుంది. ఇక్కడ మనుషులూ మారిపోతారు, మకుటం పైకి వినపడదు. అందుకని 'పాటల సరం' అంటే బాగుంటుందని నా మనసు. ముత్యాల సరంలో ముత్యాలే కనిపిస్తాయి, దారం కనపడదు. ఏమంటారు?

—

వ్యాఖ్య: చాలా బాగా రాశారండీ. సరం అంటే ఇప్పటి పిల్లలకి తెలియదేమో, తెలిసినవాళ్ళు గురజాడ ఛందస్సు అనుకుంటారు. అసలు మాట మీ అమ్మగారే ఇచ్చేశారు, మీరు గమనించలేదు. "ఏం వరస" అన్నారు కదా? పాటల వరస అనండి. ఒకదాని తర్వాత ఒకటి రావడమూ వరసే, పాట నడిచే తీరూ వరసే, మనుషుల మధ్య బంధుత్వమూ వరసే. మూడూ ఒక్క మాటలో ఉన్నాయి.

—

నా జవాబు: అండీ, ఇది చదివి కుర్చీలోంచి లేచాను. నేను రాసిన పోస్టులోనే ఆ మాట మూడు సార్లుంది, రెండు అర్థాల్లో వాడాను కూడా, అయినా కళ్ళకి ఆనలేదు. ఒక్క సందేహం: పాటల వరసలు అనే మాట ట్యూన్లు అనే అర్థంలో బాగా వాడుకలో ఉంది, బహువచనంలో పెడితే పొరబడతారు. ఏకవచనంలోనే ఉంచి 'పాటల వరస' అంటే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. పాటలూ ఆటలూ హాస్యమూ కలిపి వేసే 'రెవ్యూ' ప్రదర్శనకి కదంబం, సాంగ్ సైకిల్‌కి పాటల వరస. నేనిక ఇదే వాడతాను.

అమ్మకి చెప్పాను. "అదే కదా నేనడిగింది" అంది. తర్వాత కాసేపాగి, చందమామ వద్దన్న అమ్మాయికీ మేడ అంచున ఉన్నావిడకీ వరస కుదురుతుందట, అక్కాచెల్లెళ్ళ వరస. ఈ రాత్రికి మిగతా పాటలు వింటానంది, గిన్నె కడిగి పెట్టుకుంది.