80 దగ్గర ఛార్జింగ్ ఆపేయడం: జాగ్రత్తా, చాదస్తమా?

సగం ఛార్జ్ (హైదరాబాద్)

2023 దసరాకి మా ఆవిడా నేనూ ఒకే రోజు, ఒకే షాపులో రెండు ఐఫోన్ 15లు కొన్నాం. నేను ఆ రాత్రే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోయేలా పెట్టుకున్నాను, అలా చేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుందంటారు కదా. ఆవిడ రాత్రి పదింటికి ఛార్జింగ్ పెట్టి, పొద్దున పాల ప్యాకెట్ తీసుకునేటప్పుడు పీకుతుంది. ఎన్నిసార్లు చెప్పినా "నీ ఫోన్ సంగతి నువ్వు చూసుకో" అనేది.

మొన్న రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి బ్యాటరీ హెల్త్ చూశాం, అంటే కొత్తప్పటి సత్తువలో ఇంకా ఎంత శాతం మిగిలిందో. నాది 91. ఆవిడది 88.

ఇన్నాళ్లూ ఊరెళ్లినప్పుడల్లా పవర్ బ్యాంక్ మోసింది నేను. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కాకుండా స్విచ్ బోర్డు దగ్గర కూర్చున్నదీ నేనే. ఇంత చేసి మిగుల్చుకున్నది 3 శాతం. ఇంకో లెక్క చూడండి. బ్యాటరీ ఎప్పుడో ఒకనాటికి 80కి పడిపోతుందన్న భయంతో నేను మొదటి రోజు నుంచే 80తో బతికాను. ఆవిడ ఇవాళ్టికీ 88తో బతుకుతోంది. రోజూ ఫోన్ వాడుకునే మామూలు మనిషికి ఈ 80 గోల అనవసరమని నా వాదన. కాదంటారా, కారణం చెప్పండి.

వోల్టేజీ వెంకటేశం

కారణం చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

బ్యాటరీ ముసలిది కావడానికి దారులు రెండు. వాడకం ఒకటి, వయసు ఒకటి. వాడకాన్ని సైకిల్స్‌లో లెక్కేస్తారు. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకి ఒక సైకిల్. మీ ఐఫోన్ 15కి 1000 సైకిల్స్ తర్వాత కూడా 80 శాతం నిలిచేలా తయారు చేశామని ఆపిల్ అంటోంది, అంతకు ముందు మోడళ్లకి 500 అనేవాళ్లు. ఇక వయసు. ఫోన్ వాడకుండా బీరువాలో పెట్టినా బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం వెళ్లి చేరే గ్రాఫైట్ మీద ఒక పొర పేరుకుంటుంది, పాలు కాచిన గిన్నెకి అడుగంటినట్టు. ఆ పొర కొంత లిథియాన్ని తినేస్తుంది. అలా పోయిన లిథియం మళ్లీ పనికి రాదు. బ్యాటరీ ఎంత నిండుగా ఉంటే, ఎంత వేడిగా ఉంటే ఆ పొర అంత వేగంగా పెరుగుతుంది.

నిండుగా ఉంటే ఏం పోయింది అంటారా? ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. ఖాళీ బస్సులోకి మొదటి ముప్పై మంది పరిగెత్తుకుంటూ ఎక్కేస్తారు. చివరి పదిమంది ఎక్కాలంటే కండక్టర్ "లోపలికి జరగండి, జరగండి" అని అరవాలి. ఛార్జింగ్ కూడా మొదటి సగం గబగబా ఎక్కి, 80 దాటాక నత్తనడక నడిచేది అందుకే. ఇప్పుడు ఆ కిక్కిరిసిన బస్సుని ఎండలో రాత్రీ పగలూ నిలబెట్టారనుకోండి. (ఎండలో రాత్రేమిటి అనకండి, అర్థమైంది కదా.)

బ్యాటరీ యూనివర్సిటీ అనే సైట్‌లో పాత పట్టిక ఒకటి ఉంది. 25 డిగ్రీల దగ్గర ఏడాది పాటు 40 శాతం ఛార్జ్‌తో పడుకోబెట్టిన బ్యాటరీకి 96 మిగిలింది. నిండుగా పెట్టినదానికి 80. అదే 40 డిగ్రీల దగ్గరైతే 85, 65. మీ 3 శాతం తేడా చూసి నవ్వుకుంటున్నారు గానీ, ఇంకో రెండేళ్లు ఆగి చూడండి.

సగం ఛార్జ్

వెంకటేశం గారూ, మీ పట్టికలోనే మీకు జవాబుంది. అక్కడ ఏడాదంతా బ్యాటరీ నిండుగా కూర్చుంది. మా ఆవిడ ఫోన్ నిండుగా ఉండేది తెల్లవారుజామున కాసేపు. పొద్దున తొమ్మిదికల్లా 85, మధ్యాహ్నం 60, రాత్రికి 20. పైగా రాత్రి పూట ఫోనే 80 దగ్గర ఆగి, ఆవిడ లేచే టైముకి మిగతాది నింపుకుంటుంది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13 నుంచీ ఆ ఏర్పాటు ఉంది. అందుకే 88 ఉంది, 65 కాదు.

బావ బాధితుడు

మా బావ ఆండ్రాయిడ్‌లో 80కి అలారం మోగే యాప్ వేసుకున్నాడు. రాత్రి ఒంటి గంటకి అది మోగుతుంది, ఆయన లేచి ప్లగ్ పీకుతాడు, ఇంట్లో మిగతా నలుగురం మేలుకుంటాం. ఆ ఫోన్ పన్నెండు వేలు. మా అక్క బీపీ మాత్రలకి ఎంతవుతుందో ఎవరూ లెక్కేయట్లేదు.

రిపేర్ గోపి (విజయవాడ)

నేను పదకొండేళ్లుగా మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నా. నా కౌంటర్ మీదకి వచ్చే బ్యాటరీల్లో వంద శాతం ఛార్జింగ్ వల్ల పోయింది ఇదీ అని నేను వేలు పెట్టి చూపించలేను. వేడి వల్ల పోయినవి మాత్రం చూడగానే చెప్పేస్తా.

పోయిన మేలో ఒక కారు డ్రైవర్ వచ్చాడు. డాష్‌బోర్డు మీద, అద్దం కింద ఫోన్, రోజంతా మ్యాప్, రోజంతా ఛార్జింగ్. "డిస్‌ప్లే పైకి వస్తోందన్నా, గమ్ వేసి అతికించు" అన్నాడు. హీట్ ప్యాడ్ మీద పెట్టకుండానే డిస్‌ప్లే చేతిలోకి ఊడి వచ్చింది. లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. కవర్ ఒక అంచున చిట్లి, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి వాసన వస్తోంది. ఆ వాసన వస్తే ఇక నేను దాన్ని ముట్టుకోను, ముందు ఫోన్‌ని తీసుకెళ్లి షాపు బయట ఇసుక బకెట్‌లో పెడతా. గమ్ వేసి అతికించమన్న మనిషి అప్పుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నాకు బ్యాటరీ పనే ఎక్కువ. దిండు కింద పెట్టి ఛార్జింగ్ పెట్టడం, ఛార్జింగ్‌లో ఉండగా గేమ్ ఆడటం, బండి హ్యాండిల్ మీద ఎండలో పెట్టడం. ఈ మూడూ మానేస్తే 80, 90, 100 ఎంతైనా పెట్టుకోండి.

ఇంకో మాట. బ్యాటరీ మార్చేటప్పుడు చవకదానికి పోకండి. స్టిక్కర్ మీద కెపాసిటీ 5000 ఎంఏహెచ్ అని ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ఒరిజినల్ కన్నా తేలిగ్గా ఉంటుంది. స్టిక్కర్ మీద ఏ అంకె కావాలంటే అది అచ్చేస్తారు. బరువుని అచ్చేయలేరు కదా.

ఆర్డర్ నంబర్ 47

గోపి అన్నా, ఆ హ్యాండిల్ మీద పెట్టేది నేనే. ఖమ్మంలో డెలివరీ చేస్తా. మేలో ఫోన్ ఎంత కాలుతుందంటే ఛార్జింగ్ దానంతట అదే ఆగిపోయి, వేడి తగ్గేదాకా ఎక్కదని మెసేజ్ వస్తుంది. అప్పుడు కర్చీఫ్ తడిపి చుడతా. మూడేళ్లలో రెండు బ్యాటరీలు మార్పించా. ఇక్కడ పెద్దోళ్లు 80 దగ్గర ఆపమంటున్నారు. 80తో బయల్దేరితే మధ్యాహ్నం మూడింటికి నా పని బంద్. కస్టమర్‌కి లొకేషన్ కనిపించకపోతే రేటింగ్ పోతుంది. నేనేం చేయాలి చెప్పండి.

వోల్టేజీ వెంకటేశం

తమ్ముడూ, నీకు 80 చెప్పను. పొద్దున బయల్దేరే ముందు నిండా పెట్టుకుని రా, గంటలోపే ఆ నిండుతనం తగ్గిపోతుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. ఎండలో పవర్ బ్యాంక్ తగిలించి నడపడం మాత్రం మానెయ్. ఆర్డర్ కోసం ఆగినప్పుడు నీడలో, పౌచ్ తీసి పెట్టుకో. మ్యాప్ తెలిసిన రూటైతే ఫోన్ జేబులోకి. తడి కర్చీఫ్ వద్దు, ఛార్జింగ్ పిన్‌లోకి నీళ్లు పోతే అదో ఖర్చు. ఫ్రిజ్‌లో పెట్టడం అంతకన్నా వద్దు, లోపల చెమ్మ పడుతుంది.

ఆపిల్ వాళ్లు తమ ఫోన్లని 35 డిగ్రీల లోపు వాడమంటారు. మనకి మార్చి నెలాఖరుకే ఆ గీత దాటిపోతుంది.

రిటైర్డ్ మాస్టారు

నేను 2004లో నోకియా 1100 కొన్నప్పటి నుంచి ఒకటే పద్ధతి. పూర్తిగా అయిపోయి స్విచాఫ్ అయ్యేదాకా వాడి, తర్వాత నిండా ఛార్జింగ్ పెట్టడం. షాపు అబ్బాయి "మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టండి సార్" అన్నాడు, అలాగే పెట్టాను. ఆ ఫోన్ ఏడేళ్లు వచ్చింది. ఇప్పటి ఫోన్లు రెండేళ్లు రావడం లేదు. లోపం పద్ధతిలో ఉందా, సరుకులో ఉందా?

వోల్టేజీ వెంకటేశం

మాస్టారూ, ఆ పద్ధతి నికెల్ బ్యాటరీల కాలంది. వాటిని సగంలో మళ్లీ మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ సగమే గుర్తుపెట్టుకుని మొండికేసేవి. మీ 1100లో ఉన్న బీఎల్-5సీ బ్యాటరీ అప్పటికే లిథియం అయాన్. అంటే ఆ రోజుల్లోనే మీకు ఆ సలహా అక్కర్లేదు. ఫోన్ రోజుల తరబడి నిలిచింది కాబట్టి నెలకి ఏ ఐదారు సార్లో ఛార్జింగ్ పెట్టి ఉంటారు. అందుకే అన్నేళ్లు వచ్చింది. లిథియాన్ని సున్నా దాకా దించితే దానికి హింసే. దించి అలా వారాల తరబడి వదిలేస్తే మళ్లీ లేవకపోవచ్చు కూడా.

బీఎల్-5సీ అనగానే 2007 ఆగస్టు గుర్తొచ్చింది. ఒక కాలంలో తయారైన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉండగా వేడెక్కవచ్చని, కావాలంటే మార్చి ఇస్తామని నోకియా ప్రకటించింది. మా వీధిలో ప్రతివాడూ మూత తీసి బ్యాటరీ మీది నంబర్ చదువుకునేవాడు. అప్పట్లో గోరుతో మూత తీసేవాళ్లం లెండి.

మూత తీయనివ్వండి

చివరి వాక్యంలో అసలు విషయానికి వచ్చారు. గోరుతో మూత తీసి, రెండు మూడొందలకి బ్యాటరీ కొని వేసుకునే రోజుల్లో ఈ చర్చ ఉందా? బ్యాటరీని జిగురుతో లోపల అతికించేసి, "దాని ఆరోగ్యం నువ్వే కాపాడుకో" అని మన నెత్తిన పెట్టారు.

పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లని అప్‌డేట్‌తో నెమ్మది చేశామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. కారణం నిజమే కావచ్చు, ముందు చెప్పలేదు కదా! జనం ఫోన్ పాతబడిందనుకుని కొత్తది కొనుక్కున్నారు. గొడవయ్యాక బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దించారు. మీరు పక్కపక్కన పెట్టి చూసుకున్న ఆ బ్యాటరీ హెల్త్ పేజీ కూడా ఆ గొడవ తర్వాత 2018లో వచ్చిందే.

యూరప్‌లో 2025 జూన్ నుంచి అమ్మే కొత్త మోడళ్లకి 800 సైకిల్స్ తర్వాత కనీసం 80 శాతం నిలవాలని రూలు పెట్టారు. వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకునే వీలుండాలన్న రూలు 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో. మనం మాత్రం రాత్రి ఒంటి గంటకి లేచి ప్లగ్గులు పీకుతున్నాం.

రిపేర్ గోపి

బ్రో, మూత తీసే ఫోన్ వానలో తడిస్తే నా దగ్గరకే వస్తుంది, అదీ ఒప్పుకోవాలి. మార్చుకోవడం తేలికవ్వాలన్నది మాత్రం కరెక్టు. మంచి బ్యాటరీ వేస్తే మూడేళ్ల ఫోన్ ఇంకో రెండేళ్లు హాయిగా నడుస్తుంది.

మంచులో మనోడు (ఎడ్మంటన్, కెనడా)

మీ బాధ ఎండ, మా బాధ చలి. మైనస్ 25లో బస్టాపులో నిలబడితే 40 శాతం ఉన్న ఫోన్ టప్పున ఆఫ్ అవుతుంది. ఇంట్లోకొచ్చి వెచ్చబడ్డాక ఆన్ చేస్తే మళ్లీ 38 చూపిస్తుంది. కాబట్టి చలికి పోయింది తిరిగొస్తుంది, వేడికి పోయింది రాదు. గడ్డకట్టిన ఫోన్‌కి వెంటనే ఛార్జింగ్ పెడితే మాత్రం లిథియం లోపలికి దిగకుండా గ్రాఫైట్ పైనే లోహంలా పేరుకుంటుందట, అది శాశ్వత నష్టం. అందుకని ముందు కాఫీ, తర్వాత ఛార్జర్.

సగం ఛార్జ్

ఇంతమంది చెప్పాక నేను 80 తీసేసి 100 పెట్టుకున్నాను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఒక్క సందేహం మిగిలింది. గుంటూరులో మా నాన్న దగ్గర పాత ఆండ్రాయిడ్ ఉంది. మనవడితో వీడియో కాల్‌కి తప్ప వాడరు. టీవీ పక్కన ఛార్జర్‌కి తగిలించే ఉంటుంది, ఇరవై నాలుగ్గంటలూ. ఏడాదిన్నరగా అంతే. ఈ మధ్య కాల్‌లో ఆయన మొహం కాస్త పైకి తిరిగి కనిపిస్తోంది, స్టాండు వంగిందనుకున్నాను.

వోల్టేజీ వెంకటేశం

ఇదిగో, ఏడాదంతా నిండుగా కూర్చున్న బ్యాటరీ. నా పట్టిక మీ ఇంట్లోనే ఉంది. 80 సెట్టింగ్ పెట్టాల్సింది ఆ ఫోన్‌కి సార్, మీ ఫోన్‌కి కాదు.

రిపేర్ గోపి

స్టాండు సంగతి తర్వాత. ముందు ఛార్జర్ పీకి పౌచ్ తీయమనండి. వెనక మూత ఏ మూలైనా లేచిందేమో పక్క నుంచి చూడమనండి. లేచి ఉంటే నొక్కొద్దు, సూదీ కత్తీ పెట్టొద్దు. స్విచాఫ్ చేసి, మంటంటుకునేవేవీ లేని చోట పెట్టమనండి. ఇప్పుడే ఫోన్ చేయండి.

సగం ఛార్జ్

చేశాను. ఆ ఫోన్‌కి కాదు, పక్కింటి వాళ్ల నంబర్‌కి. ఎడమ మూల గోరు దూరేంత లేచి ఉందట. స్విచాఫ్ చేయించి, పెరట్లో బట్టల బండ మీద పెట్టించాను. నాన్న అడిగింది ఒకటే: "మరి రేపు సాయంత్రం వాడితో మాట్లాడేదెలా?"

రిపేర్ గోపి

మోడల్ నంబర్ పంపండి. పాత ఫోనే అయినా బ్యాటరీ దొరుకుతుందేమో పొద్దున షాపు తీయగానే చూస్తా. గుంటూరులో నాకు తెలిసిన కుర్రాడున్నాడు, వాడిని ఇంటికే పంపిస్తా.