రాత్రి పదిన్నరకు అసురసంధ్యా?

ప్రశ్న:
స్టాక్‌హోమ్ వేసవి మీద ఒక యాత్రావ్యాసం దిద్దాల్సి వచ్చింది. ప్రయాణం జూన్ మూడో వారంలో. రెండు వాక్యాల దగ్గర పేచీ. ఒకటి: "రాత్రి పదిన్నరకు, అసురసంధ్య వేళ, గామ్లా స్తాన్ సందుల్లో తిరిగాం." రెండు: "బాగా పొద్దుపోయినా ఎండ కాస్తూనే ఉంది." (గామ్లా స్తాన్ అంటే స్టాక్‌హోమ్ పాతబస్తీ.) రాత్రీ సంధ్యా ఒకే వాక్యంలో ఇముడుతాయా? పొద్దుపోయాక ఎండేమిటి?

జవాబు:
మొదటి వాక్యంలో లెక్క తప్పలేదండీ. జూన్ 21 ప్రాంతంలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి 10:08కి, సూర్యోదయం 3:31కి. పదిన్నర అంటే పొద్దు గుంకి ఇరవై నిమిషాలు. గడియారాన్ని అడిగితే రాత్రి, ఆకాశాన్ని అడిగితే సంజ. మన దగ్గర ఆ రెండూ ఒకే మాట చెబుతాయి కాబట్టి తేడా ఎప్పుడూ పట్టించుకోం.

సంజ నిడివి కూడా చూడాలి. హైదరాబాదులో జూన్‌లో సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి జారడానికి అస్తమయం తర్వాత సుమారు 24 నిమిషాలు, అంటే ఒక ఘడియ. ఆ తర్వాత ఆరుబయట దీపం కావాలి. స్టాక్‌హోమ్ 59 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. సూర్యుడు నిట్టనిలువుగా కాక బాగా ఏటవాలుగా దిగుతాడు. అదే 6 డిగ్రీలకు గంటన్నర పడుతుంది. ఆపైన కూడా కటిక చీకటి రాదు, ఎంత దిగినా సుమారు 7 డిగ్రీలే. పడమటి ఎరుపు ఉత్తరం మీదుగా జరిగి తూర్పు వైపు వెళుతుంది.

నా అభ్యంతరం అసురసంధ్య మీదే. ఆ వేళ పడుకోకూడదు, తినకూడదు అనే పెద్దల హెచ్చరిక ఆ మాటకు అంటుకునే ఉంటుంది. షికారుకు అది నప్పదు. "మలిసంజ" అనండి, "సందెవెలుగు" అన్నా సరే. "మునిమాపు" మాత్రం వద్దు. అది చీకటి ముంచుకొచ్చే ముందరి వేళ, అక్కడ ముంచుకొచ్చే చీకటి లేదు.

మరొకరు:
రెండో వాక్యం గురించి. "పొద్దు" అంటే సూర్యుడూ, కాలమూ. "బాగా పొద్దుపోయింది" అన్నప్పుడు మనం సూర్యుణ్ణి మరిచి ఆలస్యమైందనే అనుకుంటాం. స్టాక్‌హోమ్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు ఆలస్యమూ నిజమే, ఎదురుగా పొద్దూ నిజమే. రచయిత చమత్కారానికి రాసి ఉంటే ఉంచండి. పొరపాటున పడి ఉంటే "రాత్రి తొమ్మిది దాటినా" అని గంట చెప్పేయండి. "పొద్దుగూకినంక" అని మా తెలంగాణల అంటే మాత్రం సూర్యుడు మునగాల్సిందే, దాన్ని వాడకండి. "చీకటితోనే లేచి", "చీకటి పడేలోపు" వంటివి వ్యాసంలో ఎక్కడున్నా తీసేయాలి.

"నడినెత్తిన సూర్యుడు" ఉందేమో వెతకండి, ఉండే ఉంటుంది! అక్కడ జూన్‌లో కూడా సూర్యుడు 54 డిగ్రీలకు మించి ఎక్కడు. మిట్టమధ్యాహ్నం ఆరడుగుల మనిషి నీడ నాలుగడుగుల పైనే ఉంటుంది. పైగా ఆ మిట్టమధ్యాహ్నం పన్నెండుకు రాదు, గంట ముందుకు జరిపిన వేసవి గడియారం ప్రకారం 12:50 ప్రాంతంలో వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నడినెత్తి దొరికింది, కొట్టేశాను. "తెల్లవారుజామున రెండున్నరకు పక్షుల గోల" అని ఒకచోట ఉంది. రెండున్నర తెల్లవారుజామేనా? శీర్షికేమో "అర్ధరాత్రి సూర్యుడు".

జవాబు:
శీర్షిక తప్పు. అర్ధరాత్రి సూర్యుడు కనబడాలంటే ఆర్కిటిక్ వలయం దాకా పోవాలి. స్వీడన్‌లోనే కిరునాలో కనిపిస్తాడు, స్టాక్‌హోమ్‌లో కనిపించడు. "శ్వేతరాత్రులు" అంటే పాఠకుడికి రష్యాలోని పీటర్స్‌బర్గ్ గుర్తొస్తుంది, పైగా వెన్నెల అనుకునే ప్రమాదం కూడా ఉంది. స్వీడిష్ వాళ్లు "యూసా నెత్తెర్" అంటారు, వెలుగు రాత్రులని. తెలుగులో "చీకటిపడని రాత్రులు" అంటే చాలు.

జాముకు గంటల లెక్క కాదు, వంతుల లెక్క. పగటిని నాలుగు, రాత్రిని నాలుగు చేస్తే వచ్చేది జాము. మూడు గంటలనేది పగలూ రాత్రీ సమానమైన రోజుకే సరిపోతుంది. స్టాక్‌హోమ్‌లో ఆ రాత్రి 5 గంటల 23 నిమిషాలు, నాలుగో వంతు గంటా ఇరవై. 3:31 నుంచి వెనక్కి లెక్కిస్తే తెల్లవారుజాము 2:10కి మొదలవుతుంది. కాబట్టి రెండున్నర శుద్ధంగా తెల్లవారుజామే. పగటి జాము మాత్రం నాలుగున్నర గంటల పైమాటే.

ఇంకొకరు:
గంటల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముల్లు. స్వీడిష్‌లో "హాల్వ్ ఎల్వా" అని వింటే ఎల్వా అంటే పదకొండు కదా అని పదకొండున్నర రాసేస్తారు. అది పదిన్నర. మనం గడిచిన గంటకు అర కలుపుతాం, వాళ్లు రాబోయే గంటకు సగం వచ్చింది అంటారు. టైంటేబుళ్లలో 22:30 అనే వేస్తారు కాబట్టి అక్కడ చిక్కులేదు, నోటిమాటగా విన్న సమయాలే సరిచూడాలి. వ్యాసంలో పడవ ప్రయాణం ఉంటే ముఖ్యంగా.

మిడ్‌సొమ్మార్ (స్వీడన్ నడివేసవి పండుగ) ముందురోజు సంబరం గురించి రాస్తే దాన్ని "జూన్ 21" అని బిగించొద్దు. అది జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం. ఆ రోజు నగరం ఖాళీ అవుతుంది, చాలా దుకాణాలు మూసేస్తారు. "నిర్మానుష్యమైన నగరం" అని రచయిత రాసి ఉంటే కారణం అదే కావచ్చు, తేదీ చూడండి.

మొదటి జవాబిచ్చినవారు:
తేదీ చూడమన్నది అన్నింటికీ వర్తిస్తుంది. ఇదే వ్యాసం ఆగస్టు 15 నాటిదైతే సూర్యాస్తమయం 8:40 ప్రాంతానికి జరుగుతుంది, పదిన్నరకు చీకటే. అప్పుడు మలిసంజ కూడా కొట్టేయాల్సిందే. జూన్ అన్నారు కాబట్టి: "రాత్రి పదిన్నర. ఇంకా మలిసంజే. గామ్లా స్తాన్ సందుల్లో తిరిగాం."