మిత్రుడి పేరున 51 శాతం పెట్టి కంపెనీ తెరవొచ్చా?

బ్రిస్బేన్‌బాబు:
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా బ్రిస్బేన్‌లో ఆఫీసుల క్లీనింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాను. మొత్తం ఎనిమిది మందిమి. నా సూపర్‌వైజర్ ఆబోరిజినల్, అంటే ఇక్కడి ఆదివాసీ. నాలుగేళ్ల స్నేహం. ఆయన పేరున 51 శాతం పెట్టి కొత్త కంపెనీ తెరిచి, ఆదివాసీల వ్యాపారాలను గుర్తించే సప్లై నేషన్ అనే సంస్థలో సర్టిఫికేషన్ తెచ్చుకుంటే కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టులు దొరుకుతాయని ఒక కన్సల్టెంట్ చెబుతున్నాడు. మిత్రుడు కూడా సరే అన్నాడు. పని ఎలాగూ నేనే చూసుకుంటాను. ఆయనకు జీతం పెంచి, ఏడాదికి కొంత ఇద్దామనుకుంటున్నాను. ఇందులో ఏమైనా చిక్కులున్నాయా?

పెర్త్‌వాసి:
ఆయన ఒప్పుకున్నాక ఇంకా ఆలోచన దేనికి అన్నా? ఇద్దరికీ లాభమేగా.

ఎర్రమట్టి:
బాబు గారూ, నేను ఆలిస్ స్ప్రింగ్స్‌లో పదకొండేళ్లుగా ఆబోరిజినల్ సంస్థల లెక్కలు రాస్తున్నాను. ‘ఏడాదికి కొంత ఇద్దామనుకుంటున్నాను’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. 51 శాతం ఆయనదైతే ఇవ్వడానికి మీరెవరండీ? పంచే లాభంలో సగానికి పైగా ఆయనదే. మీరు చెప్పేదాన్ని మనం బినామీ అంటాం, ఇక్కడ బ్లాక్ క్లాడింగ్ అంటారు. పేరు మారినా పని అదే.

ప్రభుత్వ కాంట్రాక్టుల్లో వాళ్లకు ఈ కోటా ఎందుకొచ్చిందో మీ రాష్ట్రంలోనే కనిపిస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో దశాబ్దాల పాటు ఆబోరిజినల్ కూలీల జీతాలను ప్రభుత్వమే తన చేతిలో పెట్టుకుంది. కోర్టుకెక్కితే 2019లో 190 మిలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. తాత సంపాదనే ఇంటికి రానప్పుడు మనవడికి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? మా వైపు ఇంకో చిక్కు. నార్తర్న్ టెరిటరీలో ఆబోరిజినల్ భూహక్కుల 1976 చట్టం కింద వాళ్లకు తిరిగి వచ్చిన భూమి అందరి ఉమ్మడి ఆస్తి, అమ్మడానికి వీల్లేదు. అలా ఉండటమే మంచిది కూడా. కానీ తాకట్టు పెట్టలేని భూమిని చూసి బ్యాంకు అప్పివ్వదు.

అందుకే 2015 జులైలో కేంద్రం ఇండిజినస్ ప్రొక్యూర్‌మెంట్ పాలసీ తెచ్చింది. 80 వేల నుంచి 2 లక్షల డాలర్ల మధ్య కాంట్రాక్టులకు ముందు వాళ్ల చిన్న సంస్థల్నే చూడాలన్నారు. మొదట్లో సగం వాటా ఉన్నా సరిపోయేది. బినామీల గోల ఎక్కువయ్యాక 2026 జులై 1 నుంచి 51 శాతం యాజమాన్యమో నియంత్రణో ఉండాలని ప్రకటించారు. మీ కన్సల్టెంట్ ఆ అంకె ఒక్కటే చదివినట్టున్నాడు.

నా దగ్గరికి ఇలాంటి కాగితాలే ఒకసారి వచ్చాయి. షేర్లు ఒక ఆబోరిజినల్ ఆయనవి, బ్యాంకు పాస్‌వర్డ్ బయటి భాగస్వామిది. పైగా కంపెనీ ఆ భాగస్వామికి పెద్ద అప్పు ఉన్నట్టు రాశారు, అది తీరేదాకా లాభం పంచరట. అసలాయనకు ఆ అప్పు సంగతే తెలియదు. ఆ లెక్కల మీద సంతకం పెట్టను అన్నాను, క్లయింట్ పోయాడు. నెలరోజులు టెన్షన్‌గానే గడిచింది.

రేపు టెండర్‌లో రేటు ఎంత వేయాలో ఎవరు తేలుస్తారు? మనిషిని తీసేసే అధికారం ఎవరిది? మీరిద్దరూ గొడవపడితే కంపెనీ ఎవరి దగ్గర మిగులుతుంది? మూడింటికీ ‘నేనే’ అని జవాబొస్తే ఆ కంపెనీ తెరవకండి.

బ్రిస్బేన్‌బాబు:
కొంచెం ఘాటుగా ఉన్నా నిజమేనండి. మూడింటికీ నా పేరే వస్తోంది. కానీ ఆయనకు లెక్కలు, టెండర్లు అలవాటు లేదు. వదిలేస్తే నడుస్తుందా?

ఎర్రమట్టి:
మీకు మాత్రం పుట్టుకతో వచ్చాయా? నేర్పండి. ఇంకో దారి కూడా ఉంది. ఆయన సొంతంగా కంపెనీ పెట్టుకుంటారు, మీరు సబ్‌కాంట్రాక్టర్‌గా పని చేసి బిల్లు పంపుతారు. అయితే అసలు పనంతా మీకే వచ్చేస్తే అదీ బినామీనే. అప్పు కోసం ఇండిజినస్ బిజినెస్ ఆస్ట్రేలియా వాళ్లను అడగమనండి, బిజినెస్ లోన్లు వాళ్ల పనే. ఏ ఒప్పందమైనా ఆయన వేరే లాయర్‌కు చూపించుకోవాలి, మీ లాయర్‌కు కాదు.

ఇంకోటి. ఎవరైనా పోతే బంధువులంతా చేరతారు, సారీ బిజినెస్ అంటారు. ఇక్కడ లాండ్రీ నడిపే ఒకామె అలా రెండు వారాలు మూసేసింది. అలాంటప్పుడు పని ఆపొచ్చని లాయర్ చేత కాంట్రాక్టులో ముందే ఒక వాక్యం రాయించుకుంది కాబట్టి జరిమానా పడలేదు. క్లీనింగ్ పనికీ అలాంటి వాక్యం పెట్టించుకోమనండి.

పెర్త్‌వాసి:
పైన నేను తొందరపడ్డాను. ఆ అప్పు కథ తర్వాత ఏమైంది?

ఎర్రమట్టి:
వేరే అకౌంటెంట్ సంతకం పెట్టాడని విన్నాను.

బ్రిస్బేన్‌బాబు:
ఈ థ్రెడ్ ఆదివారం ఆయనకు చదివి ఇంగ్లీషులో చెప్తాను. కన్సల్టెంట్‌కు ఫోన్ చేసి ఆగమన్నాను.