డెబియన్ అప్‌గ్రేడ్ మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ప్రశ్న: స్క్రిప్ట్ ఆగిపోతోంది

14 సర్వర్లను డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 11 నుంచి 12కి స్క్రిప్ట్‌తో అప్‌గ్రేడ్ చేయాలి. మొదటి సర్వర్‌లోనే ఇరుక్కుపోయాను.

ఆప్ట్ (ప్యాకేజీలను తెచ్చే టూల్) సెట్టింగ్స్‌లో డీప్యాకేజ్ (dpkg, వాటిని ఇన్‌స్టాల్ చేసే టూల్) ఆప్షన్లుగా ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ రెండూ పెట్టాను; నేను మార్చిన కాన్ఫిగ్ ఫైళ్ల గురించి అడగకుండా పాతవే ఉంచమని. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ విషయంలో అవి బాగానే పనిచేశాయి: నేను మార్చిన ఫైల్ అలాగే ఉంది, కొత్తది పక్కనే డీప్యాకేజ్-డిస్ట్ అనే తోకతో సేవ్ అయింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (రిమోట్ లాగిన్‌కు వాడేది) దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీలం స్క్రీన్ వచ్చి, 'ఈ ఫైల్‌ను మీరు మార్చారు, ఏం చేయమంటారు?' అని అడుగుతోంది. కర్సర్ 'ఇప్పుడున్నదే ఉంచు' మీదే ఉంటుంది, కానీ ఎంటర్ కొట్టే మనిషి ఉండాలిగా!

ఆ ఫైల్‌లో నేను మార్చినవి రెండే లైన్లు: పోర్ట్ 2222, పాస్‌వర్డ్ లాగిన్ ఆఫ్. అవి పోతే సర్వర్‌లోకి వెళ్లే దారే మారిపోతుంది, అదే టెన్షన్.

ఆప్ట్‌కు మైనస్ వై (-y, అడిగినదానికి 'సరే' అనే ఆప్షన్) ఇచ్చినా అదే స్క్రీన్. డెబియన్ ఫ్రంట్‌ఎండ్ వేరియబుల్‌ను నాన్‌ఇంటరాక్టివ్‌గా (ప్రశ్నలు అడగొద్దని) ఎక్స్‌పోర్ట్ చేసి, తర్వాతి లైన్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఆప్ట్ నడిపాను. అయినా అంతే. ఈ ఫైల్‌ను డీప్యాకేజ్ కాకుండా యూసీఎఫ్ (ucf) అనే వేరే టూల్ చూసుకుంటుందని తర్వాత తెలిసింది.

నా పాత ఫైల్‌నే ఉంచుతూ, ఈ ప్రశ్న అసలు రాకుండా చేయాలంటే స్క్రిప్ట్‌లో ఏం మార్చాలి?